ఎండాకాలం గాలి తగ్గించాలా? కారు టైర్లపై అపోహలు - వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో టైర్లు, అలైన్‌మెంట్ పని మాది. ఏప్రిల్ వచ్చిందంటే చాలు, కారు దిగీ దిగగానే చాలామంది అనే మాట ఒకటే: "ఎండలు ముదిరాయి, గాలి కాస్త తక్కువ పెట్టండి, లేకపోతే టైరు పేలుతుంది." ఈ ఒక్క అపోహ గురించి గట్టిగా చెప్పాలనే రాస్తున్నాను. మిగతావి కూడా దీని వెంట వచ్చేవే కాబట్టి అవీ చెప్తాను.

అపోహ: ఎండాకాలం గాలి తగ్గిస్తే టైరు పేలదు

నిజానికి తగ్గిస్తేనే పేలుతుంది. వేడికి లోపలి గాలి ప్రెషర్ పెరిగే మాట వాస్తవమే, కానీ ఎంత పెరుగుతుందో చూడండి. పొద్దున 33 పీఎస్ఐ (గాలి ప్రెషర్‌ను కొలిచే లెక్క) ఉన్న టైరు, లోపలి వేడి మరో 30 డిగ్రీలు పెరిగితే 37, 38 దగ్గరికి వస్తుంది. టైరు పక్కగోడ మీద చూస్తే గరిష్ఠ ప్రెషర్ 44 అనో 51 అనో అచ్చు వేసి ఉంటుంది. అంటే ఆ పెరుగుదలను కంపెనీ ముందే లెక్కలో వేసుకుంది.

గాలి తక్కువైతే జరిగేది వేరు. టైరు తిరిగిన ప్రతిసారీ పక్కగోడ ఎక్కువగా నలుగుతుంది. ఇనప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే వంపు దగ్గర వేడెక్కి చివరికి తెగుతుంది చూడండి, అలా లోపలి రబ్బరు, దారాలు, స్టీలు బెల్టులు వేడెక్కి ఒకదాన్నొకటి వదిలేస్తాయి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, అలాంటి మధ్యాహ్నం హైదరాబాద్ హైవే మీద ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, స్పీడు వంద, టైర్లలో 25 గాలి ఉంటే ఇక ఆ టైరు చల్లబడేది ఎప్పుడు? పేలిన టైరును రిమ్ము నుంచి ఊడదీసి లోపల చెయ్యి పెడితే చాలాసార్లు పక్కగోడ చుట్టూ రబ్బరు నలిగిన గీత తగులుతుంది, వేళ్లకు నల్లటి పొడి అంటుతుంది. గాలి తక్కువతో నడిపారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

మరి ఎంత పెట్టాలి? డ్రైవర్ డోరు తెరిస్తే పక్క పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, ఎండైనా వానైనా దాని ప్రకారమే. చాలా కార్లకు ఫుల్ లోడు వేరే అంకె ఇస్తారు, వెనక టైర్లకు ఎక్కువ ఉంటుంది. కుటుంబమంతా కలిసి తిరుపతి బయల్దేరేటప్పుడు చూడాల్సింది ఆ అంకెనే. గాలి చూపించేది మాత్రం టైరు చల్లగా ఉన్నప్పుడే. దారి మధ్యలో బంకు దగ్గర ఆపి, 38 ఉందని గాలి తీసేయించకండి. చల్లారాక అది 33 కంటే కిందికి పోతుంది.

అపోహ: నైట్రోజన్ ఉంటే ఎండకు భయం లేదు

మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్. వేడికి రెండూ దాదాపు ఒకేలా పెరుగుతాయి. నైట్రోజన్‌లో తేమ ఉండదు, కాస్త నెమ్మదిగా దిగుతుంది, అంతే. ఉచితంగా పెడితే పెట్టించుకోండి, కానీ నైట్రోజన్ ఉంది కదా అని నెలల తరబడి చెక్ చేయించకపోవడం ప్రమాదం.

అపోహ: ట్రెడ్ కనిపిస్తోందిగా, ఈ వానాకాలం లాగించేద్దాం

ట్రెడ్ అంటే రోడ్డును తాకే గాళ్ల భాగం. కొత్త టైరు గాడి లోతు సుమారు 7, 8 మిల్లీమీటర్లు ఉంటుంది. మన చట్టం ప్రకారం 1.6 కంటే తగ్గకూడదు. గాడిలో అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మలు ఉంటాయి, వాటి వరుసను చూపిస్తూ పక్కగోడ మీద చిన్న త్రిభుజమో టీడబ్ల్యూఐ (TWI) అనే అక్షరాలో కనిపిస్తాయి. ట్రెడ్ అరిగి ఆ దిమ్మలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. నన్నడిగితే అక్కడిదాకా ఆగొద్దు, 3 మిల్లీమీటర్లకు రాగానే తొలకరి లోపు మార్చేయండి. గాళ్లు ఉన్నది నీళ్లను పక్కకు తోయడానికి. లోతు లేకపోతే నీళ్లు టైరు కిందే ఉండిపోయి కారు రోడ్డు మీద కాకుండా నీటి మీద తేలుతుంది, అప్పుడు బ్రేకూ స్టీరింగూ రెండూ పనిచేయవు. ఇక్కడా గాలి సంగతి ఉంది. ట్రెడ్‌కు మించి నీళ్లు నిలిచిన చోట 33 గాలి ఉన్న టైరు సుమారు 95 కిలోమీటర్ల వేగం దగ్గర తేలుతుందని పాత లెక్క ఒకటి ఉంది. అదే లెక్కలో 24 గాలికి ఆ వేగం 80 చిల్లరకు పడిపోతుంది. ఎండలకు తగ్గించిన గాలిని జూన్‌లో మళ్లీ పెట్టించడం మర్చిపోయేవాళ్లు దీన్ని ఆలోచించాలి.

వెడల్పు టైరు వేస్తే వానలో పట్టు ఎక్కువని ఇంకో నమ్మకం. పొడి రోడ్డు మీద కొంత నిజం కావచ్చు. నిలిచిన నీటిలో మాత్రం వెడల్పు టైరు ఎక్కువ నీటిని తోయాలి కాబట్టి తొందరగా తేలుతుంది. కంపెనీ ఇచ్చిన సైజు మార్చొద్దు.

అపోహ: రెండే కొత్తవి కొంటే ముందుకే వేయాలి

దీని మీద మా షాపులో రోజూ వాదనే. మన కార్లలో ఎక్కువ శాతానికి ఇంజిన్ బలం ముందు చక్రాలకే వెళ్తుంది, అవే తొందరగా అరుగుతాయి, కాబట్టి కొత్తవి అక్కడే వేయమంటారు. కానీ కొత్తవి వెనక్కే వెళ్లాలి. తడి మలుపులో ముందు టైరు జారితే స్టీరింగ్‌లో తెలుస్తుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే కారు చాలావరకు దారికొస్తుంది. వెనక టైరు జారితే కారు బొంగరంలా తిరిగిపోతుంది, అనుభవం ఉన్న డ్రైవరుకు కూడా దాన్ని ఆపడం కష్టం. వెనకున్న మంచి టైర్లను ముందుకు తెచ్చి, కొత్త జత వెనక వేయించండి.

అపోహ: తక్కువ తిరిగిన టైరు ఎన్నేళ్లైనా కొత్తదే

రబ్బరుకు వయసుంటుంది. ఎండలో నిలబెట్టే కారుకైతే మరీ తొందరగా గట్టిపడి, గాళ్ల అడుగున వెంట్రుకవాసి పగుళ్లు వస్తాయి. పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2219 అంటే 2019లో 22వ వారంలో తయారైందని. ఒక్కోసారి ఆ అంకెలు లోపలి వైపున మాత్రమే ఉంటాయి, కాబట్టి బిగించకముందే చూడండి. భారీ డిస్కౌంట్ అంటే ముందు చదవాల్సింది ఆ అంకెలనే. ఐదేళ్లు దాటాక ఏటా చూపించండి. స్టెప్నీకి కూడా ఇదే వర్తిస్తుంది.

అపోహ: సీజన్‌కో సెట్ ఉండాలి

మనకు అక్కర్లేదు. లంబసింగి చలికి కూడా వింటర్ టైర్లు అనవసరం. తడిలో మంచి పట్టు ఉన్న మామూలు టైరు ఏడాదంతా సరిపోతుంది. కెనడాలోనో అమెరికా ఉత్తర రాష్ట్రాల్లోనో ఉన్న మనవాళ్ల సంగతి వేరు. 7 డిగ్రీల కింద సమ్మర్ టైరు రబ్బరు బిగుసుకుపోతుంది. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలోనైతే డిసెంబర్ 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. కొనేటప్పుడు మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు వెతకండి. ఎం ప్లస్ ఎస్ (M+S, బురద, మంచు అని) అన్న అక్షరాలు ఒక్కటే ఉంటే ఆ టైరుకు మంచులో పరీక్ష జరిగిందని అర్థం కాదు. "మాది ఆల్ వీల్ డ్రైవ్, అవసరం లేదు" అనే ధీమా కూడా వద్దు. నాలుగు చక్రాలకూ బలం అందడం బండి కదలడానికి సాయం చేస్తుంది, బ్రేకు వేసినప్పుడు ఆపాల్సింది మాత్రం టైరు రబ్బరే.