గ్రాఫిక్స్ కార్డు కొనే ముందు ఒక్కసారి ఫైలు తెరిచి చూడండి: త్రీడీ సిస్టమ్ అప్‌గ్రేడ్‌పై అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో సిస్టమ్‌లు అసెంబుల్ చేయడం, రిపేరు చేయడం నా పని. రాత్రిపూట బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో ఇంటీరియర్ రెండర్లు (ఇంటి లోపలి త్రీడీ బొమ్మలు) కూడా చేస్తాను. యానిమేషన్ నేర్చుకునే పిల్లలు, ఇళ్ల ప్లాన్లకు త్రీడీ వ్యూలు చేసేవాళ్లు నా దగ్గరికొచ్చి అడిగే మొదటి మాట ఒకటే. "అన్నా, సిస్టమ్ స్ట్రక్ అవుతాంది. ఏ కార్డు వేసుకోమంటావు?" ఏ ఫైలు, ఏం చేస్తుంటే ఆగుతోంది, ర్యామ్ ఎంత అంటే జవాబుండదు. కార్డు పేరు మాత్రం వీడియో చూసి రాసుకొచ్చి ఉంటారు. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: మంచి గ్రాఫిక్స్ కార్డు వేస్తే త్రీడీ పనంతా ఫాస్ట్ అవుతుంది.

వాస్తవం: అవ్వదు. కార్డు ముఖ్యంగా రెండు చోట్ల పనికొస్తుంది. ఒకటి రెండరింగ్, అంటే చివరి బొమ్మ తీయడం. రెండోది వ్యూపోర్టులో, అంటే మనం పని చేసే విండోలో, సీన్ చూపించడం. మాడిఫయర్ల (ఆకారాన్ని మార్చే టూల్స్) లెక్కలు, బట్ట, నీళ్లు, పొగ సిమ్యులేషన్లు, స్కల్ప్టింగ్, అన్‌డూ వంటివన్నీ చాలావరకు ప్రాసెసర్, ర్యామ్ మీదే నడుస్తాయి. అక్కడ ఇబ్బంది ఉన్నవాడు ఎంత ఖరీదైన కార్డు వేసినా ఫైలు మునుపటిలాగే ఆగుతుంది.

శ్రీకాళహస్తి కుర్రాడొకడు వాళ్ల నాయనతో కలిసి వచ్చాడు. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మేలో కూలిపోయింది కదా, పాత ఫొటోలు చూసి దాన్ని బ్లెండర్‌లో నిలబెట్టాలని వాడి పట్టుదల. మూడో అంతస్తు దాటాక ఫైలు కదలడం మానేసింది. ఎవరో చెప్పారని ఇద్దరూ చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచ్చీ స్ట్రీటుకు పోయి సెకండ్ హ్యాండ్ ఏఎండీ ఆర్‌ఎక్స్ 580, 8 జీబీ కార్డు తెచ్చుకున్నారు. వేసిన తర్వాత కూడా ఫైలు అలాగే ఆగుతోంది. పైగా బ్లెండర్‌లో రెండర్ చేసే ఇంజిన్ సైకిల్స్‌లో ఆ కార్డు పేరే కనబడడం లేదు. కలంకారీ పని చేసుకునే ఆ నాయన నన్ను అడిగిన మాట, "మోసపోతిమా సా? కార్డు చెడిపోయిందా?"

కార్డు చెడిపోలేదు. గేములకు బాగానే పని చేస్తుంది. కానీ 2021 డిసెంబరులో వచ్చిన బ్లెండర్ 3.0 నుంచి సైకిల్స్‌లో ఓపెన్‌సీఎల్ తీసేశారు. ఇలాంటి కార్డులతో సైకిల్స్ మాట్లాడేది దాని ద్వారానే. దాని బదులు ఏఎండీ కార్డుల కోసం పెట్టిన హిప్ ఈ పాత తరం కార్డులను పట్టించుకోదు. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం క్రిప్టో మైనింగ్ ఆగిపోయాక ఇలాంటి కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్టులోకి గుట్టలుగా వచ్చాయి. చవగ్గా వస్తున్నాయని గేములాడేవాళ్లు చెప్పిన మాట నమ్మి రెండర్ చేసేవాళ్లు కొంటున్నారు. అమ్మినవాడు అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు, వీళ్లు ఏ పనికో చెప్పి ఉండకపోవచ్చు. ఏ కార్డయినా కొనేముందు మీరు వాడే వెర్షన్‌కు అది పనికొస్తుందో లేదో బ్లెండర్ మాన్యువల్‌లో చూసుకోండి. చూడడానికి పైసా ఖర్చు లేదు.

మరి వాడి ఫైలు ఎందుకు ఆగింది? ఫైలు తెరిచి పక్కన టాస్క్ మేనేజర్ (ర్యామ్, ప్రాసెసర్, డిస్క్ ఎంత నిండాయో చూపే విండోస్ టూల్) పెట్టాను. ఉన్న 8 జీబీ ర్యామ్ నిండిపోయి, హార్డ్ డిస్క్ 100 శాతం దగ్గర కొట్టుకుంటోంది. గోపురం మీది ప్రతి బొమ్మనూ షిఫ్ట్ డీ (Shift+D) తో కాపీ చేశాడు. అలా చేస్తే ప్రతి కాపీకీ మెష్ (బొమ్మ ఆకారం) మొత్తం వేరేగా మెమొరీలో కూర్చుంటుంది. ఆల్ట్ డీ (Alt+D) తో చేస్తే అన్నీ ఒకే మెష్‌ను పంచుకుంటాయి. ఒకే రకం స్తంభాలు, శిఖరాలు వరసగా వచ్చే గుడి పనికి ఇంతకన్నా పెద్ద అప్‌గ్రేడ్ లేదు. కాపీలన్నీ లింక్ చేసి, ఇంకో 8 జీబీ స్టిక్ వేశాం. ఫైలు తిరిగింది. ఆ కార్డును గేములాడే ఇంకో కుర్రాడికి అమ్మిపెట్టాను. వాళ్ల నాయన మొహంలో అప్పుడు గానీ రక్తం రాలేదు.

కాబట్టి మీ దగ్గరున్న అతి బరువైన ఫైలు తెరిచి, టాస్క్ మేనేజర్ చూస్తూ పని చేయండి. ర్యామ్ నిండిపోతే ర్యామ్ కొనండి. ర్యామ్ ఖాళీగా ఉండి, ప్రాసెసర్ 10, 15 శాతమే చూపిస్తూ ఫైలు ఆగుతుంటే "ప్రాసెసర్ ఖాళీగానే ఉంది కదా" అనుకోకండి. ఒక కోర్ పూర్తిగా నిండిపోయి, మిగతావి ఊరికే ఉన్నాయన్నమాట. ఎడిటింగ్ హాయిగా సాగుతూ, రెండర్ మాత్రమే గంటలు పడుతుంటే అప్పుడు కార్డు గురించి మాట్లాడదాం.

అప్పుడు కూడా తొందర వద్దు. ఉన్న కార్డును వాడుతున్నారా? ఎన్‌విడియా కార్డయితే బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో సిస్టమ్‌కు వెళ్లి ఆప్టిక్స్ (OptiX) గానీ క్యూడా (CUDA) గానీ ఎంచుకోవాలి. తర్వాత రెండర్ ప్రాపర్టీస్‌లో డివైస్‌ను జీపీయూ కంప్యూట్‌కు మార్చాలి. ఈ రెండూ చేయక, మంచి ఎన్‌విడియా కార్డు పెట్టుకుని నెలల తరబడి ప్రాసెసర్ మీద రెండర్ చేసినవాళ్లను చాలామందిని చూశాను.

అపోహ: ఎక్కువ జీబీ ఉంటే పెద్ద కార్డు.

వాస్తవం: 4 జీబీ జీటీ 730 కూడా ఉంది, 4 జీబీ జీటీఎక్స్ 1650 కూడా ఉంది. మొదటిది 2014లో వచ్చిన కార్డు. దాని డీడీఆర్3 మెమొరీ వేగం కొన్ని మోడళ్లలో సెకనుకు 14.4 జీబీయే, రెండోదానిది కనీసం 128 జీబీ. డబ్బా మీది "4 జీబీ" మాత్రం రెండింటికీ ఒకటే. అలాగని జీబీలు అక్కర్లేదని కాదు. 4కే టెక్స్చర్ (వస్తువు మీద అతికించే బొమ్మ) ఒక్కటి మెమొరీలో 64 ఎంబీ తీసుకుంటుంది, 8కే అయితే 256 ఎంబీ. ప్రతి స్తంభానికీ వేరే 8కే టెక్స్చర్ పెడితే ఏ కార్డూ చాలదు. ముందు టెక్స్చర్లు తగ్గించండి. అప్పటికీ చాలకపోతే, రెండర్ పనికి 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 బిల్లు, వారంటీతో మీ బడ్జెట్లో దొరికితే నేను దానికే ఓటేస్తాను.

అపోహ: పాత ఆఫీసు సిస్టమ్‌లో ఏ కార్డయినా పట్టేస్తుంది.

వాస్తవం: ఇది ప్రమాదం. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు వచ్చేది 75 వాట్లే. 3060 ఒక్కటే 170 వాట్లు లాగుతుంది, దానికి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ పవర్ సప్లై) ఉండాలని కంపెనీయే చెబుతోంది. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద రాసిన వాట్లు నమ్మకండి. ఇంట్లో ఉండే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లకే చాలుతుంది. కరెంటు పోయిన క్షణంలో రెండర్ నడుస్తుంటే సిస్టమ్ కూడా ఆరిపోతుంది. కార్డు బడ్జెట్లోంచి ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు ముందే తీసి పక్కన పెట్టండి.

ఎస్‌ఎస్‌డీ వేస్తే రెండర్ వేగం పెరగదు, విండోస్, ఫైళ్లు త్వరగా తెరుచుకుంటాయి. అయినా హార్డ్ డిస్క్ మీద పని చేసేవాళ్లు వేసుకోవాల్సిందే. రెండు కార్డులు పెడితే సైకిల్స్‌లో మామూలుగా వాటి మెమొరీ కలవదు. ర్యామ్ ఒకే పెద్ద స్టిక్ కన్నా ఒకే రకం రెండు స్టిక్కులు మేలు. డీడీఆర్4 బోర్డులో డీడీఆర్5 పట్టదు, బోర్డు పేరు చూసుకోకుండా ఆర్డర్ పెట్టకండి. ఎండాకాలం మన ఊర్లో రెండర్ మెల్లగా సాగితే ముందు దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ మార్పించండి. వేడెక్కిన ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

ఇంకా రెండర్ ఆలస్యమైతే శాంపిల్స్ (ఒక్కో పిక్సెల్‌కు ఎన్నిసార్లు లెక్క వేయాలో చెప్పే అంకె) చూడండి. బ్లెండర్ మామూలుగా 4096 పెట్టి ఉంచుతుంది. 256కు దించి డీనాయిజ్ (బొమ్మలోని చుక్కలు తుడిచే సెట్టింగ్) ఆన్ చేసి ఒక ఫ్రేము తీయండి. ఇంటీరియర్ పనిలో 4096తో తీసిన బొమ్మకూ దీనికీ ఉన్న తేడాను క్లయింటు కనిపెట్టడం నేనింతవరకూ చూడలేదు.