1960ల దశకం అమెరికాకు మేలు చేసిందా? అపోహలు – వాస్తవాలు

ఇరవయ్యో శతాబ్దపు అమెరికా చరిత్రను డిగ్రీ, పీజీ తరగతులకు బోధించడం నా వృత్తి. ఆ శతాబ్దంలో 1960ల దశకం గురించి వచ్చినన్ని ప్రశ్నలు, అంత పట్టుదలతో వినిపించే తీర్పులు మరే కాలం గురించీ రావు. ఆ పదేళ్లు అమెరికన్లకు స్వేచ్ఛ అంటే ఏమిటో నేర్పాయని కొందరు, కుటుంబాన్నీ క్రమశిక్షణనూ కూలదోశాయని మరికొందరు వాదిస్తారు. ఆ కాలంలో సాగిన వేర్వేరు ఉద్యమాలను, వేర్వేరు మనుషులను ఒకే గాటన కట్టి మాట్లాడటం ఇరుపక్షాలూ చేస్తున్న పొరపాటు. నా అభిప్రాయం ముందే చెబుతాను. మొత్తం మీద ఆ దశకం సమాజానికి మేలే చేసింది. ఆ మేలులో అత్యధిక భాగం, ఓపికగా సంఘాలు కట్టి, వీధిలో వినిపించిన డిమాండును చట్టంగానూ, ఆ చట్టాన్ని అమలు చేసే యంత్రాంగంగానూ మార్చగలిగినవారి వల్ల వచ్చింది. జరిగిన కీడు కూడా చిన్నది కాదు, దాని భారాన్ని ఎక్కువగా మోసింది పేదలే.

అపోహ: ఆ దశకం అంటే హిప్పీలు, మత్తుమందులు, సంగీతోత్సవాలు.

పొడవాటి జుట్టు, పూసల దండలు వేసుకున్న యువకుల ఛాయాచిత్రాలు మన మనసుల్లో ఎంతగా నాటుకున్నాయంటే, ఆ దృశ్యం దశకం చివరి మూడేళ్లకు చెందినదన్న సంగతి కూడా మరచిపోతాం. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హైట్-ఆష్‌బరీ పేటకు దాదాపు లక్ష మంది యువతీ యువకులు తరలివచ్చినది 1967 వేసవిలో. వుడ్‌స్టాక్ సంగీతోత్సవం జరిగినది 1969 ఆగస్టులో. అదే 1969లో గాలప్ సంస్థ జరిపిన సర్వేలో, ఒక్కసారైనా గంజాయి తాగి చూశామని చెప్పిన వయోజనులు 4 శాతం మాత్రమే.

దశకాన్ని నిజంగా ప్రారంభించినవారు ఇస్త్రీ చేసిన కోటు, టై ధరించిన నల్లజాతి విద్యార్థులు. 1960 ఫిబ్రవరి 1న నార్త్ కరోలినా రాష్ట్రంలోని గ్రీన్స్‌బరోలో నలుగురు కళాశాల విద్యార్థులు, తెల్లవారికి మాత్రమే కేటాయించిన భోజన కౌంటర్ ముందు కూర్చుని, తమకూ వడ్డించమని అడిగారు. వడ్డించడానికి నిరాకరించినా దుకాణం మూసేవరకు కదలలేదు. రెండు వారాలు తిరగకముందే టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో అలాంటి బైఠాయింపులు మొదలయ్యాయి. ఆ నాష్‌విల్ విద్యార్థులకు శిక్షణ ఇచ్చిన జేమ్స్ లాసన్, కొరియా యుద్ధకాలంలో సైనిక సేవను నిరాకరించి జైలుకు వెళ్లిన పాస్టర్. ఆ తర్వాత నాగపూర్‌లోని హిస్లాప్ కళాశాలలో సుమారు మూడేళ్లు పనిచేసి, గాంధీజీ సత్యాగ్రహ పద్ధతిని దగ్గరగా అధ్యయనం చేసి, 1956లో స్వదేశానికి తిరిగి వెళ్లాడు. ఎవరైనా తిట్టినా, కొట్టినా చేయెత్తకుండా ఎలా కూర్చోవాలో ఆయన శిబిరాల్లో విద్యార్థులు ఒకరినొకరు దూషించుకుంటూ, తోసుకుంటూ నెలల తరబడి సాధన చేశారు. మే నెలలో నాష్‌విల్ నగర కేంద్రంలోని దుకాణాలు తమ కౌంటర్లను నల్లవారికి తెరిచాయి. ఇంత సాధన వెనుక ఉన్న క్రమశిక్షణను చూడకుండా ఆ దశకాన్ని క్రమశిక్షణారాహిత్యానికి మారుపేరుగా చెప్పడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ రెండు ప్రవాహాల మధ్య సంబంధమే లేదని మాత్రం అనలేం. 1964లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో వాక్‌స్వాతంత్ర్య ఉద్యమం పుట్టడానికి కారణం, విద్యార్థులు ప్రాంగణం అంచున బల్లలు వేసుకుని పౌరహక్కుల ఉద్యమానికి మద్దతు కూడగట్టడాన్ని అధికారులు నిషేధించడం. దాని నాయకుడు మారియో సావియో ఆ వేసవిలోనే మిసిసిపీలో నల్లజాతీయుల ఓటు హక్కు కోసం పనిచేసి వచ్చాడు.

అపోహ: చట్టాలు కాగితాలకే పరిమితమయ్యాయి, సామాన్యుల బతుకు మారలేదు.

ఆ దశకం వల్ల ఒరిగిందేమీ లేదనేవారు ముందుకు తెచ్చే వాదనల్లో ఇది ప్రధానమైనది, కాబట్టి దీన్ని కొంత వివరంగా పరిశీలించాలి.

ఓటు హక్కు సంగతి చూద్దాం. 1965 మార్చి 7న అలబామాలోని సెల్మాలో శాంతియుతంగా వంతెన దాటుతున్న ఊరేగింపును పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చెదరగొట్టిన దృశ్యాలను దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ఐదు నెలలు తిరగకముందే, ఆగస్టు 6న, ఓటు హక్కు చట్టంపై అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేశాడు. అంతవరకు అక్షరాస్యత పరీక్షల పేరుతో నల్లవారిని తిప్పి పంపిన దక్షిణాది ప్రాంతాలకు ఇప్పుడు కేంద్రం నుంచే నమోదు అధికారులను పంపే వీలు కలిగింది. మిసిసిపీలో ఓటర్లుగా నమోదైన నల్లజాతి వయోజనులు చట్టానికి ముందు 7 శాతంలోపే; 1967 నాటికి వారు దాదాపు 60 శాతానికి చేరారు.

ఆసుపత్రుల కథ అంతగా ప్రచారంలో లేదు గానీ, నా దృష్టిలో అంతకన్నా గొప్పది. వృద్ధులకు ప్రభుత్వ వైద్య బీమా కల్పించే మెడికేర్ చట్టం 1965 జూలై 30న వచ్చింది. సమాఖ్య నిధులు తీసుకునే ఏ సంస్థా జాతి వివక్ష చూపరాదని 1964 పౌరహక్కుల చట్టం అప్పటికే శాసించింది. ఈ రెండు చట్టాలనూ కలిపి ప్రభుత్వం ఒక షరతు పెట్టింది: నల్లవారికి వేరే వార్డులు నడిపే ఆసుపత్రికి మెడికేర్ సొమ్ము అందదు. 1966లో కొద్ది నెలల వ్యవధిలోనే దాదాపు వెయ్యి ఆసుపత్రులు వేర్పాటు పద్ధతిని వదులుకున్నాయి. ఆ తర్వాతి ఏళ్లలో మిసిసిపీలో నల్లజాతి శిశుమరణాలు, ముఖ్యంగా సకాలంలో ఆసుపత్రికి చేరిస్తే బతికే విరేచనాలు, న్యుమోనియా వంటి వ్యాధుల వల్ల సంభవించే మరణాలు, వేగంగా తగ్గాయని ఆర్థికవేత్తల పరిశోధనలు చూపాయి. బతికి బట్టకట్టిన ఆ పిల్లలను లెక్కలోకి తీసుకోకుండా ఆ దశకం మంచిచెడ్డలు తేల్చడం నాకు సాధ్యం కాదు.

ఉపాధిలోనూ ఇదే జరిగింది. సౌత్ కరోలినాలో వస్త్ర మిల్లుల్లో నల్లవారు, తెల్లవారు ఒకే గదిలో పనిచేయకూడదని 1915 నాటి రాష్ట్ర చట్టం ఒకటి ఉండేది. 1965 తర్వాత కొద్ది ఏళ్లలోనే ఆ మిల్లుల తలుపులు వేలాది నల్లజాతి స్త్రీపురుషులకు తెరుచుకున్నాయి. దేశం మొత్తం మీద దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు 1959లో 22.4 శాతం కాగా, 1969లో 12.1 శాతం. ఇందులో ఆర్థిక వృద్ధికి పెద్ద వాటా ఉంది, నిజమే. అయితే ఆ వృద్ధి ఫలాల దగ్గరకు కొందరిని రానివ్వకుండా అడ్డుకున్న గోడలను కూల్చినది ఉద్యమమే.

అపోహ: యువతరమంతా వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించింది, వారి ఊరేగింపులే యుద్ధాన్ని ఆపాయి.

ఆనాటి సర్వేల్లో ముప్పై ఏళ్లలోపువారు, వారి తాతల తరం కన్నా ఎక్కువ శాతంలో యుద్ధాన్ని సమర్థించారు. 1968 జనవరిలో దక్షిణ వియత్నాం నగరాల మీద కమ్యూనిస్టు దళాలు మొదలుపెట్టిన టెట్ దాడుల తర్వాత, ఆ ఆగస్టు నాటికి, యుద్ధంలోకి దిగడం పొరపాటని చెప్పినవారు సగం దాటారు. సరిగ్గా అదే నెలలో షికాగోలో నిరసనకారులను పోలీసులు చితకబాదినప్పుడు, ప్రజల్లో ఎక్కువమంది పోలీసులనే సమర్థించారు. యుద్ధంతో విసిగిన జనానికి యుద్ధ వ్యతిరేకులంటే అంతకన్నా ఎక్కువ విసుగు ఉండేది. చివరి పోరాట దళాలు వెనక్కి వచ్చినది 1973లో. ఉద్యమం వల్ల యుద్ధాన్ని ఇంకా విస్తరించడం నాయకులకు కష్టమైందని చెప్పవచ్చు, అంతకు మించి చెప్పడానికి ఆధారాలు చాలవు.

అపోహ: స్త్రీల ఉద్యమం అంటే లోదుస్తులు తగలబెట్టిన సంఘటన.

అలాంటి మంటలేవీ వెలగలేదు. 1968 సెప్టెంబరు 7న అట్లాంటిక్ సిటీలో అందాల పోటీకి నిరసనగా కొందరు స్త్రీలు ఎత్తుమడమల చెప్పులు, సౌందర్య సాధనాలు, లోదుస్తులు ఒక చెత్తబుట్టలో వేశారు. చెక్కతో కట్టిన సముద్రతీరపు నడకదారి మీద నిప్పు పెట్టడానికి అనుమతి లేదు, పెట్టనూ లేదు.

ఈ కట్టుకథ మరుగున పడేసిన అసలు పని వేరే ఉంది. 1964 చట్టం ఉద్యోగాల్లో లింగ వివక్షను నిషేధించినా, అమలు చేయాల్సిన కమిషన్ ఆ ఫిర్యాదులను పట్టించుకోలేదు. ఆ నిర్లక్ష్యం మీద ఆగ్రహంతోనే 1966లో జాతీయ మహిళా సంస్థ ఏర్పడి, ఫిర్యాదుల మీద ఫిర్యాదులు, వ్యాజ్యాలు వేసి చట్టాన్ని పని చేయించింది. 1972లో విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ మరో చట్టం వచ్చింది. ఆ ఏడాది న్యాయశాస్త్ర పట్టాల్లో స్త్రీల వాటా 7 శాతం, వైద్య పట్టాల్లో 9 శాతం. 1994 నాటికి అవి 43, 38 శాతాలకు పెరిగాయి.

అపోహ: అమెరికన్ కుటుంబాన్ని హిప్పీలు కూల్చారు.

విడాకులు పెరిగిన మాట వాస్తవం. 1960లో ప్రతి వెయ్యి జనాభాకు 2.2గా ఉన్న విడాకుల రేటు 1981 నాటికి 5.3కు చేరి, అక్కడి నుంచి తగ్గుముఖం పట్టింది. భార్యాభర్తల్లో ఎవరి తప్పూ నిరూపించనవసరం లేకుండా విడాకులిచ్చే చట్టాన్ని మొదట తెచ్చిన పెద్ద రాష్ట్రం కాలిఫోర్నియా; 1969లో దాని మీద సంతకం చేసిన గవర్నర్, సంప్రదాయవాదులకు ఆరాధ్యుడైన రోనాల్డ్ రీగన్. ఏకపక్షంగా విడాకులు కోరే వీలున్న రాష్ట్రాల్లో స్త్రీల ఆత్మహత్యలు, ఇళ్లలో హింస తగ్గాయని తర్వాతి అధ్యయనాలు చెప్పాయి. తప్పించుకునే దారి దొరికిన ఆ స్త్రీల పక్షం నుంచి చూస్తే, పాత కుటుంబం చెక్కుచెదరకుండా ఉండటమే మేలని ఎలా అనగలం?

అయినా ఈ మార్పు ఖర్చు అందరి మీదా సమానంగా పడలేదు. వివాహేతర జననాలు 1960లో 5.3 శాతం, 1980లో 18.4 శాతం. చదువూ ఆదాయమూ ఉన్న కుటుంబాలు కొత్త స్వేచ్ఛను అనుభవించి, కొంతకాలానికి మళ్లీ స్థిరపడ్డాయి. కర్మాగారాలు తరలిపోయిన నగరాల్లో, మగవారికి నికరమైన జీతం దొరకని పేటల్లో, ఒంటరి తల్లులు ఆ భారాన్ని మోస్తూనే ఉన్నారు. దీనికి హిప్పీల కన్నా ఉద్యోగాలు పోవడమే పెద్ద కారణమని నా నిశ్చితాభిప్రాయం.

అపోహ: అదంతా శాంతి, ప్రేమల కాలం, నష్టమేమీ జరగలేదు.

ఆ దశకాన్ని అభిమానించేవారు ఈ లెక్కను ధైర్యంగా చూడాలి. 1965లో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో 34 మంది, 1967లో నెవార్క్‌లో 26 మంది, డెట్రాయిట్‌లో 43 మంది అల్లర్లలో ప్రాణాలు కోల్పోయారు. తీవ్రంగా అల్లర్లు జరిగిన నగరాల్లో నల్లజాతీయుల ఇళ్ల విలువ పడిపోయి, తర్వాతి దశాబ్దంలో కూడా కోలుకోలేదని ఆర్థిక చరిత్రకారులు చూపారు. దేశంలో హత్యల రేటు 1960లో లక్ష జనాభాకు 5.1, 1970లో 7.9. దశకం చివర్లో విద్యార్థి ఉద్యమం చీలిపోయి, ఒక చిన్న వర్గం బాంబుల దారి పట్టింది. 1970 మార్చిలో న్యూయార్క్‌లో తాము తయారుచేస్తున్న బాంబు పేలి వారిలోనే ముగ్గురు మరణించారు, ఆగస్టులో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మరో బృందం పెట్టిన బాంబుకు ఏ పాపమూ ఎరుగని యువ భౌతిక శాస్త్రవేత్త ఒకరు బలయ్యారు.

ఈ అలజడికి ప్రతిచర్యగా శాంతిభద్రతల నినాదం బలపడింది. 1972 అధ్యక్ష ఎన్నికల్లో నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. రాష్ట్ర, సమాఖ్య జైళ్లలో 1970లో 2 లక్షలలోపు ఉన్న ఖైదీల సంఖ్య నాలుగు దశాబ్దాల్లో 15 లక్షలు దాటింది. ఆ జైళ్లను ఎక్కువగా నింపినది, తమ తరఫున బాంబులు పెట్టమని ఎవరినీ అడగని నల్లజాతి, లాటినో పేదల పిల్లలే.

అపోహ: దానితో మనకు సంబంధం లేదు.

1946 నుంచి భారతీయులకు అమెరికా ఏడాదికి కేటాయించిన వలస కోటా సుమారు వంద. జాతి ప్రాతిపదికన మనుషులకు హక్కులు నిర్ణయించడం తప్పని పౌరహక్కుల ఉద్యమం దేశం చేత ఒప్పించాక, పుట్టిన దేశాన్ని బట్టి కోటాలు పంచే పద్ధతి నైతికంగా నిలబడలేకపోయింది. కొత్తగా స్వతంత్రమైన ఆసియా, ఆఫ్రికా దేశాల ముందు ప్రచ్ఛన్న యుద్ధకాలపు అమెరికాకు ఆ కోటాలు తలవంపుగానూ మారాయి. 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా ప్రతిమ (స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ) పాదాల దగ్గర జాన్సన్ సంతకం చేసిన వలస చట్టం, తూర్పు అర్ధగోళంలోని ఒక్కో దేశానికి ఏటా 20,000 మంది వరకు అవకాశమిచ్చింది. ఇది విప్లవాత్మకమైన బిల్లు కాదని ఆయన ఆ సభలోనే చెప్పాడు. యూరప్ బంధువులే ఎక్కువగా వస్తారని చట్టసభ సభ్యులు అనుకున్నారు.

వారి అంచనా తప్పింది. మెడికేర్ రాకతో వైద్యుల అవసరం ఒక్కసారిగా పెరిగింది. గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాద్ వైద్య కళాశాలల పట్టభద్రులు 1960ల చివర, 1970ల్లో షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్ ఆసుపత్రుల్లో చేరినది ఈ రెండు చట్టాలు కలిసి తెరిచిన దారిలోనే. కొన్నేళ్ల ముందు వరకు నల్లజాతి రోగులను వేరే వార్డుకు పంపిన ఆసుపత్రులు కొన్ని, ఆ దారిలో వచ్చిన భారతీయ వైద్యుల చేతికి రోగులందరినీ అప్పగించాయి. ఆ కుటుంబాల తర్వాతి తరంలో కొందరు ఇప్పుడు 1960ల దశకాన్ని అమెరికా చెడిపోయిన కాలంగా వర్ణిస్తుంటారు. వారికి నేను చెప్పేది ఒక్కటే: సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్నవారిలో చాలామందికి అప్పటికి ఓటు కూడా లేదు, మీ పెద్దల వీసాకు నైతిక పునాది వేసినవారిలో వాళ్లూ ఉన్నారు.