బటన్ ఫోన్లో వెబ్: ఫైర్‌ఫాక్స్ ఓఎస్ నుంచి జియోఫోన్ దాకా

2024 జూన్ ఆఖరులో, బటన్ ఫోన్లను నడిపే కై ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్ యాప్ స్టోర్ నుంచి వాట్సాప్‌ను తీసేశారు. అప్పటికే వాడుతున్నవాళ్లకు కొన్ని నెలలు గడువిచ్చి, 2025 మొదట్లో వాళ్లకూ ఆపేస్తామన్నారు. పాత జియోఫోన్లు నడిచేది ఈ కై ఓఎస్ మీదే. టచ్ ఫోన్ మనకెందుకులే అని బటన్ ఫోన్‌తో సరిపెట్టుకుని, గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్న పిల్లలకు వాయిస్ మెసేజ్‌లు పంపుకునే పెద్దవాళ్లకు ఇది నేరుగా తగిలే దెబ్బ. ఫోన్ బాగానే ఉంటుంది, డేటా ఉంటుంది, వాట్సాప్ ఒక్కటే ఉండదు. ఇంతకీ ఆ ఫోన్ లోపల ఉన్నది వెబ్. ఎవరినీ అడగక్కర్లేకుండా ఎవరైనా వాడుకోవడానికి పుట్టిన వెబ్ ప్రమాణాల మీద కట్టిన ఫోన్‌కి ఈ గతి ఎందుకు పట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ఫోన్‌కి వెబ్‌ను తేవాలన్న ఆలోచన పాతదే. 1997లో ఎరిక్సన్, నోకియా, మోటరోలా, అన్‌వైర్డ్ ప్లానెట్ కలిసి వ్యాప్ ఫోరం పెట్టాయి. అప్పటి చిన్న తెరలకు, నత్తనడక నెట్‌వర్కులకు వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ భాష బరువవుతుందని డబ్ల్యూఎంఎల్ అని వేరే భాష తయారుచేశాయి. దాంతో మామూలు వెబ్ ఒకటి, ఫోన్ వెబ్ మరొకటి అయ్యాయి. రెండోదాన్ని జనం పెద్దగా పట్టించుకోలేదు. జపాన్‌లో ఎన్‌టీటీ డొకొమో మాత్రం 1999లో హెచ్‌టీఎంఎల్‌నే కొంత కుదించి ఐ-మోడ్ తెచ్చింది, అది అక్కడ ఇంటింటికీ వెళ్లింది.

2007 జూన్‌లో, ఐఫోన్ అమ్మకానికి రావడానికి కొద్దిరోజుల ముందు, స్టీవ్ జాబ్స్ డెవలపర్లకు చెప్పిన మాట ఇప్పుడు వింటే ఆశ్చర్యమేస్తుంది. ఈ ఫోన్‌కి యాప్‌లు రాయాలంటే యాపిల్ బ్రౌజర్ సఫారీలో నడిచే వెబ్ యాప్‌లు రాయండి, వేరే కిట్ ఏదీ అక్కర్లేదు అన్నారు. డెవలపర్లకు అది నచ్చలేదు. వాళ్ల అసంతృప్తి న్యాయమైనదే: అప్పటి వెబ్ పేజీకి కెమెరా అందదు, నెట్ పోతే పేజీయే పోతుంది. అక్టోబరుకల్లా యాపిల్ మనసు మార్చుకుంది. 2008 జులైలో యాప్ స్టోర్ తెరిచింది. ఫోన్‌లోకి ఏది రావాలో ఫోన్ కంపెనీయే తేల్చే పద్ధతి అక్కణ్నుంచి స్థిరపడిపోయింది. ఆ మరుసటి ఏడాదే పామ్ కంపెనీ వెబ్ సాంకేతికతతోనే వెబ్‌ఓఎస్ తెచ్చింది. అది హెచ్‌పీ చేతుల్లో ఫోన్‌గా చచ్చిపోయి, 2013లో ఎల్‌జీ కొన్నాక టీవీల్లో బతికి బట్టకట్టింది.

ఈ పద్ధతికి ఎదురు నిలవాలని గట్టిగా పూనుకున్నది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా. 2011 జులైలో బూట్ టు గెకో ప్రకటించింది, ఏడాది తర్వాత దానికే ఫైర్‌ఫాక్స్ ఓఎస్ అని పేరు పెట్టింది. అడుగున లినక్స్, దాని మీద ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌ని నడిపే గెకో ఇంజిన్, ఆపైన అంతా వెబ్ పేజీలే. హోమ్ స్క్రీన్ ఒక పేజీ, కెమెరా ఒక పేజీ. అంకెలు నొక్కి ఫోన్ చేసే డయలర్ కూడా హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్‌లతో రాసిన పేజీయే. ఆకుపచ్చ బటన్ నొక్కితే ఆ పేజీలోని ఒక్క లైను జావాస్క్రిప్ట్, నంబరు తీసుకెళ్లి టెలిఫోనీ ఏపీఐకి, అంటే కాల్స్ కలిపే భాగానికి, ఇస్తుంది, అవతల ఫోన్ మోగుతుంది. వెబ్‌సైటు చేయడం వచ్చిన పిల్లలెవరైనా ఫోన్ మొత్తాన్ని తిరగరాయొచ్చు. ఇంత ధైర్యమైన ఆలోచన మొబైల్ రంగంలో మళ్లీ రాలేదని నా నమ్మకం.

చిక్కు కూడా సరిగ్గా ఆ ఒక్క లైనులోనే ఉంది. దారినపోయే ఏ వెబ్‌సైటు అయినా మీ ఫోన్ నుంచి కాల్ చేయగలిగితే కొంప మునుగుతుంది. అందుకని మొజిల్లా యాప్‌లను మూడు మెట్లుగా విడదీసింది. మామూలు వెబ్ యాప్‌ను ఏ సైటు నుంచైనా ఫోన్‌లో పెట్టుకోవచ్చు. కాంటాక్టుల్లాంటివి ముట్టుకోవాలంటే స్టోర్ పరిశీలన, దాని డిజిటల్ సంతకం కావాలి. కాల్స్ జోలికి వెళ్లేవి ఫోన్ తయారీదారు ముందే వేసి ఇచ్చినవై ఉండాలి. అవసరమైన జాగ్రత్తే, కాదనలేం. కానీ పై రెండు మెట్ల దగ్గర గేటు, గేటుకో కాపలాదారు వచ్చేశారు. కింది మెట్టు తెరిచి ఉన్నంతవరకూ వెబ్ స్వభావం మిగిలే ఉంది.

2013 జులైలో స్పెయిన్‌లో మొదటి ఫోన్ అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 2014 ఆగస్టులో ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ 1,999 రూపాయలకు దిగింది. టచ్ తెర ఆ ధరకు దొరకడం అప్పట్లో గొప్పే. లోపల ర్యామ్ 128 ఎంబీ, నెట్ 2జీ. ఒక యాప్ తెరిస్తే వెనక ఉన్నది మూతపడేది. అన్నిటికంటే ముందు, కొనేవాళ్లు షాపులో అడిగే ప్రశ్న ఒకటే: వాట్సాప్ వస్తుందా? రాదు. ఆ కంపెనీ ఫైర్‌ఫాక్స్ ఓఎస్‌కి యాప్ చేయలేదు. ప్రమాణాలన్నీ బహిరంగమే అయినా, ఒక ప్రైవేటు సేవను ఆ ఫోన్‌లోకి రప్పించే శక్తి వాటికి లేదు. 2015 డిసెంబరులో మొజిల్లా ఫోన్ల ప్రయత్నం విరమించుకుంది.

కోడ్ మాత్రం అందరిదీ కాబట్టి మిగిలింది. దాన్నుంచే కై ఓఎస్ పుట్టింది. టచ్ తీసేసి కీప్యాడ్‌కి అనువుగా మార్చారు. 2017 జులైలో రిలయన్స్ ప్రకటించిన జియోఫోన్ దాని మీదే నడిచింది: 2.4 అంగుళాల తెర, 512 ఎంబీ ర్యామ్, 4జీ, తెలుగుతో కలిపి 22 భారతీయ భాషలు, 1,500 రూపాయల డిపాజిట్. 2018 సెప్టెంబరులో వాట్సాప్ కూడా వచ్చింది. జియోఫోన్‌ను 10 కోట్ల మందికి పైగా వాడుతున్నారని 2020లో రిలయన్స్ చెప్పింది. మొజిల్లా కలలుగన్న జనం చేతుల్లోకి మొజిల్లా రాసిన కోడ్ చేరింది, మొజిల్లా పేరు లేకుండా. అయితే ఆ కింది మెట్టు మూసుకుపోయింది. యాప్ కావాలంటే జియో స్టోర్‌లో ఉన్నదే దిక్కు. పెట్టినవాళ్లు తీసేస్తే అంతే.

వెబ్ ప్రమాణాలు ఓడిపోయాయని దీన్నిబట్టి అనుకుంటే పొరపాటు. నెట్ లేనప్పుడు కూడా పేజీ పనిచేసేలా చేసే సర్వీస్ వర్కర్ 2015లో క్రోమ్‌లోకి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ఫ్లిప్‌కార్ట్, తాను అంతకుముందు మూసేసిన మొబైల్ సైటును ఆ సాంకేతికతతోనే ఫ్లిప్‌కార్ట్ లైట్‌గా తిరిగి తెరిచింది. యాపిల్ సఫారీలోకి అది 2018లో గానీ రాలేదు. 2007లో డెవలపర్లు లేదన్నవన్నీ ఇప్పుడు దాదాపుగా ఉన్నాయి. ఐఫోన్‌లో హోమ్ స్క్రీన్ వెబ్ యాప్‌లను ఐరోపాలో తీసేస్తానని యాపిల్ 2024 ఫిబ్రవరిలో అంది. నిరసన రావడంతో మార్చి 1న వెనక్కి తగ్గింది.

మిగిలిన లోటు వెబ్‌లో కాదు, దాని మీద నడిచే సేవల్లో ఉంది. అదే జియోఫోన్‌లో ఈమెయిల్‌ను చూడండి. ఏ కంపెనీ సర్వరుకి ఏ కంపెనీ యాప్‌తోనైనా మెయిల్ వెళ్తుంది, ఎందుకంటే మెయిల్ పంపే పద్ధతే ప్రమాణం. వాట్సాప్ సందేశానికి ఆ వెసులుబాటు లేదు. ఇతర మెసేజింగ్ సేవలు అడిగితే వాటితో కలిసి పనిచేయాలని 2024 మార్చి నుంచి ఐరోపా డిజిటల్ మార్కెట్స్ చట్టం వాట్సాప్‌ను ఆదేశిస్తోంది. ఆ నిబంధన మన దగ్గర కూడా ఉంటే, వాట్సాప్ తప్పుకున్నా ఇంకొకరు కై ఓఎస్‌కి ఒక చిన్న మెసేజింగ్ యాప్ రాసి, అటువైపు వాట్సాప్ వాడుతున్న పిల్లలకు ఈ పెద్దవాళ్ల గొంతు చేర్చగలిగేవారు.