గొడ్డలి పట్టే ముందు: ఊరి చెట్లపై అపోహలు - వాస్తవాలు

అటవీశాఖలో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరయ్యాను. మా ఊళ్లో చెట్టు కొట్టాలంటే కొందరు ముందు నన్ను అడుగుతారు, ఎక్కువమంది ట్రాక్టరు పట్టుబడ్డాక వస్తారు.

అపోహ: పట్టా నాది, చెట్టు నాది. అడిగేదెవరు?

చెట్టు మీదే, కాదనను. కానీ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టాన్ని అందరూ బోర్ల చట్టమనే అనుకుంటారు. అందులో చెట్ల అధ్యాయం కూడా ఉంది. పట్టా భూమిలో కొట్టాలన్నా ముందుగా అనుమతి ఉండాలి. సరుగుడు, సుబాబుల్, జామాయిల్, సర్కారు తుమ్మ లాంటివాటికి మినహాయింపు. గట్టు మీది టేకుకు లేదు.

అపోహ: నరకడానికి కాగితం వస్తే పనైపోయినట్టే.

నరకడానికి ఒక కాగితం, తరలించడానికి ఇంకొకటి. అటవీశాఖ వాళ్లు దుంగలు కొలిచి, సుత్తితో గుర్తు ముద్ర వేసి, రవాణా పర్మిట్ ఇచ్చాకే బండి కదలాలి. కూతురి పెళ్లి ఖర్చుకని టేకు కొట్టిన ఒక రైతు మొదటి కాగితం చేతిలో పెట్టుకుని కూడా, రెండోదాని సంగతి తెలియక రాత్రికి రాత్రే సామిల్లుకు తోలాడు. చెక్‌పోస్టులో ఆగిన బండి పెళ్లి నాటికి కూడా రాలేదు.

అపోహ: ఎర్రచందనం రైతు పెంచితే జైలే.

పెంచుకోవచ్చు. శేషాచలం, వెలికొండ, లంకమల వైపు తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెద్దగా పెరగని చెట్టు కాబట్టి దాని మీద కాపలా ఎక్కువ. అరుదైన జీవజాతుల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసే సైటీస్ ఒప్పందం జాబితాలోకి 1995లో ఎక్కింది, అంటే దేశం దాటాలన్నా లెక్క చెప్పాలి. నాటిన ఏడాదే పొలం రికార్డులో చెట్ల సంఖ్య రాయించుకోండి. లేకపోతే అది అడవి నుంచి తెచ్చిన దుంగ కాదని రేపు రుజువు చేసుకునే బాధ మీదే. ఇంకోమాట, మొక్కలమ్మేవాళ్లు పదేళ్లలో కోట్లంటారు. ధర పలికేది చేవకు, అంటే మాను లోపలి గట్టి ఎర్ర కలపకు. పైనున్న తెల్ల కలపను ఎవరూ కొనరు, చేవ దేరడానికి పదేళ్లు చాలవు.

అపోహ: వేలంలో పాడుకున్నాను, చింతచెట్టు నాదే.

పంచాయతీ వేలం వేసేది కాయను. కొమ్మ, మాను పంచాయతీవే. నీడ పడి పైరు రావడం లేదని రోడ్డు పక్క చెట్టు మొదట్లో చెత్త వేసి కాల్చేవాళ్లూ ఉన్నారు. మెల్లగా చంపినా అది నరకడం కిందికే వస్తుంది.

తాటి, ఈత చెట్ల సంగతి వేరు. కల్లు చెట్లు కాబట్టి అక్కడ ఎక్సైజు వాళ్లొస్తారు.

అపోహ: అటవీ హక్కు పట్టా వచ్చింది, కలప కూడా మాదే.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కిచ్చింది. ఇప్పపువ్వు, తునికాకు ఏరుకోండి, అమ్ముకోండి. కలప ఆ జాబితాలో లేదు.

అపోహ: వందేళ్ల మర్రిని ఎవరూ ముట్టుకోలేరు.

ఇదే నాకు బాధ కలిగించే అపోహ. వయసు చూసి చట్టం దానంతటదే గొడుగు పట్టదు. చేవెళ్ల దారిలో దాదాపు తొమ్మిది వందల మర్రిచెట్లు రోడ్డు వెడల్పుకు అడ్డమయ్యాయి, జనం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వచ్చింది. కర్ణాటకలో నల్లూరు చింతతోపును 2007లో జీవవైవిధ్య వారసత్వ స్థలమని ప్రభుత్వం ప్రకటించింది కాబట్టి ఆ చెట్లకు కాగితం మీద కూడా రక్షణ ఉంది. మన ఊళ్లలో అలాంటి ప్రతిపాదన లేవాలంటే ఊరి చెట్లు, జీవుల వివరాలు రాసే పంచాయతీ జీవవైవిధ్య కమిటీ రిజిస్టరులో ముందు ఆ చెట్టు పేరుండాలి. మా పంచాయతీ రిజిస్టరు తెరిచి చూశాను, రావిచెట్టు ఒక్కటే రాసుంది.