నలుగురు సాక్షులున్నారు సరే, ప్రోనోటు మీద స్టాంపు ఏదండీ?

అప్పు వసూలు కాక నా దగ్గరికి వచ్చేవాళ్లు ప్రోనోటు బల్ల మీద పెడుతూనే "సాక్షులు గట్టివాళ్లు సార్" అంటారు. నేను ముందు చూసేది స్టాంపు.

అపోహ: స్టాంపు లేకపోయినా కోర్టులో పెనాల్టీ కడితే చాలు.

వాస్తవం: చాలదు. అగ్రిమెంటుకో లీజుకో స్టాంపు తక్కువైతే లోటు, పెనాల్టీ కట్టి సాక్ష్యంలోకి తెచ్చుకోవచ్చు. ప్రోనోటుకు ఆ వెసులుబాటు లేదు, 1899 నాటి స్టాంపు చట్టం 35వ సెక్షన్ దాన్ని ప్రత్యేకంగా మినహాయించింది. "ఇప్పుడు అంటించేస్తా" అన్నా కుదరదు, సంతకం పడే సమయానికే అది కాగితం మీద ఉండాలి. ఉంటే సరిపోదు కూడా, మళ్లీ వాడటానికి వీల్లేకుండా దాన్ని రద్దు చేయాలి. సంతకం స్టాంపు మీదుగా వెళ్లేలా పెట్టించేది అందుకే.

ఒక రిటైర్డ్ మాస్టారు తెచ్చిన నోటు ఇప్పటికీ గుర్తుంది. ముత్యాల్లాంటి దస్తూరి, సాక్షుల సంతకాలు, వేలిముద్ర కూడా. స్టాంపు మాత్రం ఒక మూల చెక్కుచెదరకుండా ఉంది, దాని మీద గీత కూడా లేదు, సంతకమేమో రెండంగుళాల కింద. చట్టం దృష్టిలో అది స్టాంపు లేని నోటే. ఆయన మొహం చూస్తే నాకే బాధేసింది. అదృష్టం, డబ్బు బ్యాంకు ద్వారా పంపారు కాబట్టి పాస్‌బుక్ పట్టుకుని అసలు అప్పు మీదే దావా వేశాం. ఆ దారి ప్రతి కేసులోనూ ఉండదు. చేతికి నగదు ఇచ్చి, ఆ నోటు తప్ప ఇంకే ఆధారం లేనివాళ్ల పరిస్థితి మరీ కష్టం. ఒకసారి కోర్టు నోటును సాక్ష్యంగా స్వీకరించాక స్టాంపు గొడవ మళ్లీ లేవనెత్తనివ్వరు, అందుకే అవతలి వకీలు సరిగ్గా ఎగ్జిబిట్ మార్క్ చేసే క్షణానికి, అంటే నోటుకు సాక్ష్యంగా నంబరు వేసే వేళకు, అభ్యంతరం చెప్పడానికి లేచి నిలబడతాడు.

సాక్షులు లేకపోతే నోటు చెల్లదు అన్నది ఇంకో పుకారు. ప్రోనోటుకు సాక్షి సంతకం తప్పనిసరి కాదు, నోటరీ, రిజిస్ట్రేషన్ అసలే అక్కర్లేదు. అవతలివాడు సంతకం నాది కాదంటే సాక్షి పనికొస్తాడు, అంతే.

అన్నిటికంటే ముఖ్యం నోటులో రాసిన మాట. ఫలానా మొత్తం ఇస్తానని షరతు లేకుండా ఒప్పుకోవాలి. "మీకు లక్ష బాకీ ఉన్నాను" అంటే అది ఒప్పుకోలు, ప్రోనోటు కాదు. "పొలం అమ్ముడయ్యాక ఇస్తాను" అన్నా కాదు, అమ్ముడవుతుందో లేదో ఎవరికి తెలుసు? తప్పక జరిగేదైతే, ఎప్పుడో తెలియకపోయినా ఫర్వాలేదు. అంటే ఫలానా ఆయన పోయాక ఇస్తానంటే నడుస్తుంది గానీ, ఆయన పెళ్లయ్యాక అంటే నడవదు. వడ్డీ రేటు రాసినంత మాత్రాన మొత్తం అనిశ్చితం అయిపోదు, దానికి టెన్షన్ వద్దు.

"ఖాళీగా సంతకం పెట్టి ఇచ్చాను, కాబట్టి చెల్లదు" అని ధీమాగా ఉండేవాళ్లకు: స్టాంపున్న ఖాళీ నోటు మీద సంతకం పెట్టి ఇచ్చారంటే నింపుకునే అధికారం ఇచ్చినట్టే అంటుంది ప్రోనోట్లకు, చెక్కులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షన్. ఖాళీ చెక్కు విషయంలోనూ, అప్పు లేదని చూపాల్సిన భారం ముందుగా మీ మీదే పడుతుంది.

ఇక చెక్కు బౌన్స్ అయిందని రాత్రుళ్లు నిద్రపోని వాళ్లు కాస్త ఊపిరి తీసుకోండి, మర్నాడే ఎవరూ అరెస్టు చేయరు. ముందు రాతపూర్వక నోటీసు రావాలి, అది మీకు అందిన తర్వాత కట్టడానికి 15 రోజుల గడువు ఉంటుంది. కేసు పడ్డాక కూడా రాజీ చేసుకోవచ్చు. నోటీసు కవరు మాత్రం తీసుకోకుండా వెనక్కి పంపకండి.