పందుల షెడ్డులో కంటికి ఆనని దుమ్ము

మిర్యాలగూడ చుట్టుపక్కల పందులు పెంచేవాళ్లకు తవుడుకు కొదవ లేదు, అన్ని రైసుమిల్లులు ఉన్నాయి. మేత ఖర్చు గురించి ఎంతైనా మాట్లాడుకుంటాం గానీ, ఆ బస్తా తొట్టిలో గుమ్మరించగానే గుప్పున లేచే దుమ్ము గురించి మాట్లాడుకోవడం తక్కువ. నూనె తీసేసిన తవుడైతే మరీ పొడిగా ఉండి ఇంకా ఎక్కువ లేస్తుంది.

షెడ్డులోని దుమ్ములో ఎక్కువ భాగం మేతదే. దానికి ఎండిన పెంట, పందుల ఒంటి నుంచి రాలే పొట్టు, బూజు తోడవుతాయి. ఎండపొడలో తేలుతూ కనిపించేవి పెద్ద రేణువులు. వాటిని చాలావరకు ముక్కే ఆపేస్తుంది. అసలు భయపడాల్సింది 5 మైక్రాన్ల కంటే చిన్నవాటికి. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఇంత సన్నటివి ఊపిరితిత్తుల అడుగుదాకా వెళ్తాయి. ఒక మైక్రాన్ రేణువు కదలని గాలిలో మీటరు కిందికి దిగడానికే ఏడెనిమిది గంటలు పడుతుంది. అంటే పొద్దున మేత వేసినప్పుడు లేచింది సాయంత్రం మేత వేళకూ గాలిలోనే ఉండొచ్చు. పైగా పంది ఎప్పుడూ మూతి నేలకు ఆనించి తవ్వుతూ, కింద రేగే దుమ్మునే పీలుస్తుంటుంది.

శ్వాసనాళం లోపలి గోడంతా సన్నటి నూగు ఉంటుంది. గాలికి వరిచేను ఊగినట్టు అది అలలుగా కదులుతూ, జిగురులో చిక్కుకున్న దుమ్మును గొంతు వైపు నెడుతుంది. మూత్రం, పెంట నుంచి వచ్చే అమ్మోనియా ఈ నూగును దెబ్బతీస్తుంది. ఆ వాయువు దుమ్ముకు అంటుకుని మరింత లోపలికీ పోతుంది. చచ్చిన బాక్టీరియా నుంచి విడుదలయ్యే ఎండోటాక్సిన్లు అనే విషపదార్థాలు కూడా దుమ్ములో ఉండి, ఊపిరితిత్తుల్లో వాపు తెస్తాయి. అప్పటికే నూగు దెబ్బతిని ఉంటే మైకోప్లాస్మా హయోన్యుమోనియే అనే సూక్ష్మజీవికి పని సులువు. అది వచ్చి అంటుకునేది ఆ నూగుకే. వెనకాలే పాశ్చురెల్లా లాంటి బాక్టీరియా చేరి న్యుమోనియా ముదురుతుంది.

మొదట కనిపించేది పొడి దగ్గు, అదీ పందులు లేచి పరుగెత్తినప్పుడు. ముదిరితే డొక్కలెగరేస్తూ ఊపిరి తీస్తాయి. తిన్న మేత ఒంటికి పట్టదు. కోసినప్పుడు చూస్తే తేడా తెలిసిపోతుంది: ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి గులాబీ రంగులో, నొక్కితే స్పాంజిలా ఉంటుంది. జబ్బు చేసినదాంట్లో ముందువైపు కింది భాగాలు ముదురు రంగుకు తిరిగి గట్టిపడి ఉంటాయి. మైకోప్లాస్మాకు కణకవచం (కణం చుట్టూ ఉండే గోడ) ఉండదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. ఏ మందు వాడాలో పశువైద్యుడే చెప్పాలి.

మహబూబ్‌నగర్ వైపు చలికాలపు రాత్రుల్లో పందిపిల్లలకు చలి తగులుతుందని షెడ్డు చుట్టూ గోనెపట్టాలు కట్టేస్తారు. ఆ జాగ్రత్త సరైనదే. కానీ నేల నుంచి కప్పుదాకా మూసేస్తే దుమ్ము, అమ్మోనియా రెండూ లోపలే పేరుకుంటాయి. తెల్లవారి లోపలికి వెళ్లగానే కళ్లు మండితే అమ్మోనియా హద్దు దాటినట్టే; 25 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 25 వంతులు) మించకూడదని సాధారణంగా చెబుతారు. పిల్లల ఎత్తువరకు కట్టి, కప్పు కింద జానెడు ఖాళీ వదిలితే వేడి గాలితోపాటు ఇవీ పైనుంచి పోతాయి.

అన్నిటికంటే చవకైన పని మేత తడిపి వేయడం. పొడి దాణాయే వేయాలంటే వంద కిలోలకు కిలో వంటనూనె కలిపినా దుమ్ము బాగా తగ్గుతుంది. ఊడ్చేముందు నీళ్లు చిలకరించాలి. ఊడ్చే మనిషి ఎన్‌95 మాస్కు పెట్టుకోవాలి, ఎందుకంటే పందులు పీల్చే గాలే ఆ మనిషీ పీలుస్తున్నాడు. ఏళ్ల తరబడి ఇలాంటి షెడ్లలో పనిచేసేవాళ్లలో దగ్గు, ఛాతీ పట్టేసినట్టుండటం మామూలుగా కనిపించేవే.