లెన్సుల సంచీ చూసి బాడీ కొనండి

శ్రీకాకుళం

చిరంజీవులు బాబుకీ, అమ్మలుకీ,

మీ ఇద్దరి తగువు మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నాన్న నికాన్ డీ90 కెమెరా ఇక చాలదన్న మాట నేనూ ఒప్పుకుంటాను. అది 2008 నాటి బాడీ, అంటే లెన్సు కాక మిగతా కెమెరా. డీఎస్‌ఎల్‌ఆర్‌తో, అంటే లోపల అద్దం ఉండే కెమెరాతో, వీడియో తీయొచ్చని మొదట చూపించింది అదే. ఇప్పుడు చూస్తే ఫోకస్ పాయింట్లు పదకొండే, చీకట్లో తీయడానికి ఐఎస్ఓ, అంటే వెలుగుని పెంచి చూపే అంకె, 3200కి వెళితే బొమ్మంతా చుక్కలే. కొత్తది కావాలి, సరే. బాబు సెకండ్‌హ్యాండ్ నికాన్ డీ7500 అంటున్నాడు. అమ్మలు అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్, నికాన్ జెడ్50-టూ అంటోంది. పెదనాన్న ఎవరి పక్షమో తేల్చమన్నారు కదా, తేలుస్తాను. కాస్త ఓపిక పట్టండి గుంటలూ.

మెగాపిక్సెల్స్ గొడవ ముందు వదిలెయ్యండి. రెండింటికీ 20.9 మెగాపిక్సెల్సే. బొమ్మ పట్టే సెన్సర్ సైజూ రెండింటికీ ఒకటే, నాన్న డీ90లో ఉన్న సైజే. మీ దగ్గరున్న 70-300 ఎంఎం లెన్సు దేనికి తగిలించినా 300 దగ్గర, పెద్ద సెన్సరుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరా మీద 450 చూపినంత దగ్గరగా చూపిస్తుంది. పగటి వెలుగులో తీసిన ఫొటోలు రెండు పక్కపక్కన పెడితే ఏది దేనితో తీశారో మీరే చెప్పలేరు. తేడా అంతా బొమ్మ సెన్సర్ మీద పడేలోపు జరిగే పనిలో ఉంది.

డీఎస్‌ఎల్‌ఆర్‌లో లెన్సు నుంచి వచ్చిన వెలుగు అద్దం మీద పడి పైకి మళ్ళి మీ కంటికి చేరుతుంది. అందులో కొంత కిందనున్న ఫోకస్ సెన్సర్‌కి పోతుంది. బటన్ నొక్కినప్పుడు అద్దం లేస్తుంది, అప్పుడుగాని అసలు సెన్సర్‌కి వెలుగు అందదు. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే లేదు. సెన్సర్ ఎప్పుడూ చూస్తూనే ఉంటుంది, అది చూసేదాన్ని చిన్న తెర మీద మీకు చూపిస్తుంది. దీని లాభం విజయనగరంలో సిరిమానోత్సవం నాడు తెలుస్తుంది. మాను కొసన, అంత ఎత్తున పూజారి కూర్చుంటాడు, వెనకంతా తెల్లటి ఆకాశం. కెమెరాలో వెలుగు కొలిచే మీటరు ఆకాశాన్ని చూసి వెలుగు తగ్గించేస్తుంది, ముఖం నల్లబడుతుంది. జెడ్50-టూలో ఆ నలుపు నొక్కకముందే కనిపిస్తుంది, సరిచేసుకోవచ్చు. డీ7500లో నొక్కాక వెనక తెర చూసుకోవాలి. అలాంటి ఆకాశం కనబడితే ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచడం, అంటే వెలుగు రెట్టింపు చేయడం, చేతికి అలవాటైపోతుందనుకోండి. అయినా ఈ మార్కు అమ్మలుదే.

పక్షుల దగ్గర ఇంకో మార్కూ అమ్మలుకే. పక్షులు గూళ్ళు కట్టే తేలినీలాపురం వెళ్దామని ఎప్పట్నుంచో అంటున్నారుగా. జెడ్50-టూ పక్షిని పక్షిగా గుర్తుపడుతుంది, పుల్ల ముక్కున పెట్టుకుని గూటికి ఎగిరొచ్చే ఎర్రకాళ్ళ కొంగను ఫ్రేమంతా వెంటాడుతుంది. డీ7500కి ఫోకస్ పాయింట్లు 51 ఉన్నా ఆ పక్షిని వాటి మీద నిలబెట్టే పని మీదే. అయితే గూట్లో కూర్చున్న గూడబాతుకి ఇదంతా అక్కర్లేదు, ఎగిరేవాటికి డీ7500 సెకనుకి తీసే ఎనిమిది ఫ్రేములూ తక్కువేం కాదు. అన్నట్టు, అక్కడ ఎవరైనా ఇవి సైబీరియా పక్షులంటే తలూపి ఊరుకోండి. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మన దేశంలోనే గూళ్ళు కట్టి పిల్లల్ని చేసే పక్షులు.

ఇక నాకు అసలు ముఖ్యమైన సంగతి. బాబు మొన్న పంపిన తప్పెటగుళ్ళ ఫొటోలన్నీ ఎందుకు అలికినట్టున్నాయో ఆలోచించారా? రాత్రి జాతర, స్తంభానికి కట్టిన రెండు లైట్లు, గుండెల మీద తప్పెట వాయిస్తూ గెంతే మనుషులు. 70-300 లెన్సు బారు పెంచితే అపర్చర్, అంటే వెలుగు వచ్చే కన్నం, 5.6 కన్నా తెరుచుకోదు (అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దది). ఆ వెలుగులో షట్టర్ సెకనులో అరవయ్యో వంతు దగ్గర ఆగిపోతుంది. గెంతే కాలు ఆ వేగానికి దొరకదు. బాడీ మార్చి ఐఎస్ఓ ఒక స్టాప్ పెంచితే 125వ వంతుకి చేరతారు, ఇంకో స్టాప్ పెంచితే 250వ వంతుకి. ఇప్పుడు నాన్న సంచీ అడుగున ఉన్న 50 ఎంఎం 1.8డీ లెన్సు సంగతి చూడండి. 5.6ని 1.8తో భాగించి వర్గం చేస్తే దాదాపు పది. అంటే పది రెట్ల వెలుగు. ఐఎస్ఓ ముట్టుకోకుండానే అరవై కాస్తా అయిదువందలు దాటుతుంది. ముందుకెళ్ళి నిలబడాలి, అంతే. జాతరలో పిల్లల్ని ఎవరూ వెనక్కి తొయ్యరు.

పేచీ ఏటంటే, ఆ 50లో మోటారు లేదు. ఫోకస్ తిప్పే మోటారు బాడీలో ఉండాలి. డీ90లో ఉంది, డీ7500లోనూ ఉంది. జెడ్50-టూకి పాత లెన్సులు తగిలించాలంటే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్ వెయ్యాలి. నికాన్ ఆ అడాప్టర్లో మోటారు పెట్టలేదు. మీ దగ్గరున్న 18-105, 70-300 లెన్సులు రెండింటికీ సొంత మోటార్లున్నాయి కాబట్టి బాగానే పనిచేస్తాయి. ఈ 50 మాత్రం చేత్తో తిప్పుకోవలసిందే. 1.8 దగ్గర ఫోకస్ నిలిచే లోతు చాలా తక్కువ, గెంతే మనిషిని చేత్తో పట్టడం నా వల్లే కాదు, మీ వల్లేం అవుతుంది? కాదంటే జెడ్ 40 ఎంఎం ఎఫ్2 లాంటి లెన్సు కొత్తగా కొనాలి. బాడీ, అడాప్టర్, లెన్సు ఖర్చు కలిపి కాగితం మీద వేసి మీ నాన్నకి చూపించండి, తర్వాత మాట్లాడదాం.

బ్యాటరీ సంగతీ కలపండి. కంపెనీ లెక్క ప్రకారమే డీ7500 ఒక ఛార్జికి 950 ఫొటోలు, జెడ్50-టూ మూడువందల లోపు. డీ90 బ్యాటరీలు రెండింటికీ పనికిరావు.

2020 తర్వాత నికాన్ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ తేలేదు కదా అని అమ్మలు అడుగుతుంది. నిజమే, ముందు ముందు విడిభాగాలు కష్టమవుతాయి. కానీ అందరూ అటు పోతున్నారు కాబట్టే ఇటు లెన్సులు చవకగా దొరుకుతున్నాయి. చదువుకునే పిల్లలకి ఇదే అదను. అంచేత నా ఓటు బాబు డీ7500కే.

ఒక్క షరతు. మీకు ఫొటోల కన్నా వీడియో ముఖ్యమైతే నా మాట వదిలేసి జెడ్50-టూ తీసుకోండి. డీ7500లో 4కే పెడితే బొమ్మ అంచులు ఇంకా కత్తిరించుకుపోతాయి, వీడియోలో దాని ఫోకస్ తడుముకుంటుంది.

కొనేటప్పుడు 50 లెన్సు పట్టుకెళ్ళండి. తగిలించి దగ్గరకీ దూరానికీ ఫోకస్ చేయించండి, మోటారు గరగరమన్నా మధ్యలో ఆగినా వద్దనండి. అపర్చర్ 16 పెట్టి తెల్ల గోడను తీసి, సెన్సర్ మీద దుమ్ము మచ్చలున్నాయేమో చూడండి. షట్టర్ కౌంట్, అంటే ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో, అడగండి. లెన్సు కూడా కలిపి ఇస్తానంటే టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూడండి, సముద్రం గాలి తగిలే ఊళ్ళు మనవి. ఏ బాడీ అయినా సరే, డీ90ని మాత్రం అమ్మకండి. ఇప్పుడు దానికొచ్చే డబ్బు ఏ మూలకీ రాదు, తేలినీలాపురంలో ఇద్దరి చేతుల్లోనూ కెమెరా ఉంటుంది.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న